యల్లాప్రగడ సుబ్బారావు: ఆసుపత్రి పనివాని జీవితము

తెల్లవారుజామున కోదాడలో గాని, సూర్యాపేటలో గాని హైదరాబాదు బస్సు కొరకు నిలుచున్నవారిలో ఒక్కొక్కప్పుడు తలకు గుడ్డ చుట్టుకొన్న పసివాడొకడు కనబడును. తండ్రి చేతిలో రిపోర్టులు, ఎక్స్‌రే పటములు గల సంచి. తల్లి చేతిలో అన్నపు మూట. మిర్యాలగూడవారైనచో రైలెక్కుదురు. వారి గమ్యము పెక్కుసార్లు హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహిదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రియే. సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో వచ్చినది. అయినను రాచపుండు చికిత్సకు ఆ 135 కిలోమీటర్ల ప్రయాణము తప్పనివారు నేటికిని ఉన్నారు.

అట్లు పోయినవారికి ఆసుపత్రిలో మొదట దారి చూపునది వైద్యుడు కాదు. చీటీ ఎక్కడ వ్రాయించుకొనవలెనో, రక్తపరీక్షకు ఏ వరుసలో నిలువవలెనో చెప్పునది వార్డుబాయి. వాంతి చేసికొన్న పిల్లవాని పక్కగుడ్డ మార్చునది, బెడ్‌పాన్ తెచ్చి పెట్టి మరల తీసికొనిపోవునది ఆయా. వైద్యుడు చెప్పినది భయముచేత సగము వినని తల్లికి ఆ మాటలనే మన పల్లెమాటలలో మరల చెప్పునదియు వారే. పాఠ్యపుస్తకములలో వీరి ప్రసక్తి రాదు. శాస్త్రజ్ఞుల జీవితములు వ్రాయువారు ప్రయోగశాల తలుపు దగ్గర మొదలుపెట్టుదురే గాని, ఆసుపత్రి స్నానాల గది దగ్గర మొదలుపెట్టరు.

ఈ వ్యాసమును అక్కడనే మొదలుపెట్టవలసియున్నది. ఏలయనగా, పైన చెప్పిన పసివానికి వారమునకొకమారు ఇచ్చు మెథోట్రెక్సేట్ అను మాత్ర చరిత్రలో ఒక తెలుగువాడు కలడు. ఆ తెలుగువాడు బోస్టను నగరములోని ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల బెడ్‌పాన్లు కడిగి పొట్టపోసికొన్నవాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి; అనారోగ్యముచేత ముందుగానే ఉద్యోగము విడిచెను. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు. ఇంటి ఇబ్బందులు చూచి, పదమూడేండ్ల వయస్సులో, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి వెనుకకు పట్టి తెప్పించి చదువులో కూర్చుండబెట్టినది. ఆ చదువైనను సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థుడయ్యెను. పరీక్ష తప్పిన విద్యార్థులకు ఓదార్పుగా ఉపాధ్యాయులు ఈ సంగతిని చెప్పుచుందురు. చెప్పవచ్చును, కాని మూడవమారు రుసుము కట్టుటకై ఆ తల్లి తన నగలు అమ్ముకొన్నదని చెప్పుదురు, ఆ మాట కూడ కలిపి చెప్పవలెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో సుబ్బారావు మనస్సు రామకృష్ణ మిషను వైపు మరలెను. సన్న్యాసము పుచ్చుకొనవలెనని ఆయన కోరిక. తల్లి ఒప్పుకొనలేదు. మిషనువారును తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనమనిరి. వైద్యము చదివి జనులకు సేవ చేయుమని సలహా ఇచ్చిరి. 1915లో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమయ్యెను. మామగారే చదువు ఖర్చు భరించిరి.

వైద్య కళాశాలలో జరిగిన ఒక సంగతి ఆయన జీవితపు దారిని మార్చినది. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించుటేగాక, శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు గౌనుతోనే పోయెను. శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసియు సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో చేరుటకు చేసిన యత్నము ఫలింపలేదు.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడెను. పురుషోత్తము, కృష్ణమూర్తి అను ఇద్దరు సోదరులు కొలది దినముల యెడముతో మరణించిరి. పురుషోత్తమును తీసికొనిపోయినది ఉష్ణదేశములలో కనబడు సంగ్రహణి. తిన్న అన్నము ఒంటబట్టదు, నోరు పూయును, రక్తము క్షీణించును, మనిషి ఎముకలగూడై పోవును. కొలది కాలమునకు సుబ్బారావునకే ఆ వ్యాధి సోకెను. తాను చదివిన పాశ్చాత్య వైద్యములో దానికి మందు లేకపోయెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స ఆయనను బ్రతికించెను. తరువాత ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించుచు, ఆ మందులో వ్యాధిని కుదిర్చిన పదార్థమేదియో తెలిసికొనవలెనని తపించెను. వైద్యులు చాలమంది మందు పనిచేసిన చాలునని ఊరకుందురు. ఈయనకు ఏల పనిచేసెనో తెలియకున్న నిద్రపట్టదు.

మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోను ఆయన ఓడ ఎక్కి, 1923 నాటికి బోస్టను చేరియుండెను. శేషగిరమ్మ పుట్టినింట ఉండిపోయినది. కొలది సంవత్సరములలో తిరిగివచ్చుట అనునది నాటి ఏర్పాటు.

హార్వర్డు ఉష్ణదేశ వైద్యశాలలో ప్రవేశము దొరికెను గాని బ్రదుకుతెరువు దొరకలేదు. ఆయన పట్టము అక్కడ వైద్యుడుగా పనిచేయుటకు చాలలేదు. ఆసుపత్రిలో శిక్షణ పొందుచు వేతనము తీసికొను అవకాశము ఆయనకు లేదు. అప్పుడు దొరకినది పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆసుపత్రిలో రాత్రి పోర్టరు పని. అనగా మన ఆసుపత్రులలో వార్డుబాయి చేయు పని. పగలు పాఠములు, రాత్రి రోగుల మలమూత్ర పాత్రలు తీసి శుభ్రపరచుట.

మద్రాసులో వైద్యపట్టము పొందిన బ్రాహ్మణ యువకుడు, అత్తవారింట గౌరవమున్న అల్లుడు, ఈ పనికి ఒప్పుకొన్నాడనగా ఆ కాలపు గోదావరి జిల్లాలో ఎట్టి మాట పుట్టియుండునో ఊహింపవచ్చును. జీవితచరిత్రకారులు దీనిని పేదరికపు ఘట్టముగా చెప్పి, వెంటనే ప్రయోగశాలలోనికి పోవుదురు. నాకు అది సబబుగా తోచదు. రోగిని వైద్యుడు చూచునది పగటిపూట, కొన్ని నిముషములు. రాత్రి పనివాడు చూచునది వేరు. ఎవరు నిద్రలేక మూలుగుచున్నారో, ఎవరి మూత్రము రంగు మారినదో, ఎవరు తిన్నది అరుగక పోవుచున్నదో మొదట ఆతని కంటబడును. శరీరములోని పదార్థములను కొలుచుటయే జీవితముగా చేసికొనబోవు మనిషి, ఆ శరీరము విడిచిపెట్టిన పదార్థములను రాత్రులు తన చేతులతో మోసెను. ఈ రెంటికిని సంబంధము కలదని నేను నిరూపింపలేను. లేదని ఎవరైన అన్న ఒప్పుకొనను.

1924లో ఉష్ణదేశ వైద్యములో డిప్లొమా పొంది, ఆయన హార్వర్డు వైద్య కళాశాలలో జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద చేరెను. 1925లో వారిరువురు రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించిరి. విద్యార్థులకు దాని కీలకము సులభముగనే బోధపడును. భాస్వర లవణము మాలిబ్డేటుతో కలిసిన పిదప తగిన రసాయనము చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత ఎక్కువ యుండిన రంగు అంత చిక్కన. ఆ రంగును కొలిచిన భాస్వరమును కొలిచినట్లే. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని ప్రపంచమంతట ప్రయోగశాలలలో అది పాతుకొనిపోయినది.

ఆ కొలబద్ద చేతికి వచ్చిన తరువాత కండరములు తమ రహస్యములు చెప్పసాగెను. కండరము ముడుచుకొనుటకు శక్తి లాక్టికామ్లము నుండి వచ్చునని అప్పటి సిద్ధాంతము. ఆ మార్గమున పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము కూడ లభించియుండెను. ఫిస్కే, సుబ్బారావులు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొని ఆ సిద్ధాంతపు పునాదిని కదలించిరి. 1929లో ఏ.టి.పి.ని వేరుచేసిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా ఆ ఫలితమునే సాధించెను. ప్రతి జీవకణములోను శక్తిని చేతులు మార్చు నాణెము ఆ ఏ.టి.పి. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులు దాని పేరు వల్లించుచున్నారు. ఆ పేరు వెనుక భీమవరమువాడు కలడని చెప్పు పాఠ్యపుస్తకము నాకు కనబడలేదు.

1930లో ఆయనకు డాక్టరేటు పట్టము వచ్చెను. స్థిరమైన ఆచార్య పదవి మాత్రము రాలేదు. ఆయన వేరుచేసిన మరికొన్ని పదార్థములు ఫిస్కే మాత్సర్యముచేత వెలుగు చూడలేదనియు, వానిని ఏండ్ల తరువాత ఇతరులు మరల కనుగొనవలసివచ్చెననియు, 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలమున చెప్పెను. సుబ్బారావు తన పేరు కొరకు పోరాడిన మనిషి కాదు. ఇది గుణమని పొగడువారు కలరు. నా దృష్టిలో ఇది గుణమే గాని, దానివలన మనకు నష్టము కూడ కలిగినది.

1940లో ఆయన విశ్వవిద్యాలయము విడిచి, న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయెను. కొలది కాలములోనే అక్కడి పరిశోధనలకు అధిపతియయ్యెను. అప్పటినుండి మరణము వరకు గడచినది ఎనిమిదేండ్లు మాత్రమే. ఆ ఎనిమిదేండ్లలో ఆయన ఆధ్వర్యమున వచ్చిన మందులను చూచిన ఆశ్చర్యము కలుగును. డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ సాధించెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది పెద్దబిడ్డ. 1994లో సూరతులో ప్లేగు భయము పుట్టినప్పుడు జనులకు పంచినది ఆ కుటుంబపు మందులే. 1947లో వచ్చిన హెట్రజాన్ బోదకాలు మందు; ఏటేట మన తెలుగు జిల్లాలలో ఇంటింటికి తిరిగి ఆరోగ్య కార్యకర్తలు మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర అదియే.

ఇక ఫోలిక్ ఆమ్లపు కథ చెప్పవలెను. సుబ్బారావు పెక్కేండ్లు కాలేయపు సారమును వెదకుచుండెను. ప్రాణాంతకమైన ఒక పాండురోగమును కుదుర్చు పదార్థము అందులో ఉన్నదని అప్పటికే తెలియును. అంతకుముందు బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, గర్భిణులైన పేద స్త్రీలకు వచ్చు పాండురోగము ఈస్టు సారముచేత తగ్గుచున్నదని 1931లో ప్రకటించియుండెను. సుబ్బారావు బృందము కాలేయములో వెదకి వెదకి, చివరకు 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిరి. ఆయన వెదకినది అది కాదు. ప్రాణాంతక పాండురోగపు అసలు మందైన బి12 విటమిను 1948లో ఇతరుల చేతికి చిక్కినది. కాని దొరకిన ఫోలిక్ ఆమ్లము, అన్నను చంపి తమ్ముని వెంటాడిన ఆ సంగ్రహణిలోని రక్తక్షీణతకు మందయ్యెను. పురుషోత్తమునకు పావు శతాబ్దము ఆలస్యముగా.

అదే సమయమున బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు పిల్లల ఆసుపత్రిలో మృతదేహములను పరీక్షించు శాఖకు పెద్దగా ఉండెను. ల్యుకేమియా, అనగా రక్తమునకు వచ్చు రాచపుండు, సోకిన పిల్లలు వారములలో, నెలలలో చనిపోవుచుండిరి. ఎవ్వరును బ్రతికి బట్టకట్టలేదు. ఫోలిక్ ఆమ్లము రక్తమును వృద్ధిచేయును గదా యని, లెడర్లీవారు పంపిన ఆ జాతి పదార్థములను ఫార్బర్ కొందరు రోగులకు ఇచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మారుగా చెలరేగినట్లు తోచెను. ఇక్కడ నిలిచిపోయినచో ఇది ఒక దుర్ఘటన మాత్రమే. వారు దీనిని తలక్రిందులు చేసి ఆలోచించిరి. రోగకణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము ఆహారమైనచో, ఆ ఆహారమును పోలియుండియు ఆహారము కాని దానిని ఇచ్చిన ఏమగును? తాళమునకు సరిపడి తిరుగని తాళపుచెవి వంటిది. సుబ్బారావు బృందము అట్టిదానిని నిర్మించెను. అమినోప్టెరిన్ అని దాని పేరు.

1947 డిసెంబరు చివరి దినములలో ఆ మందు పిల్లలకు ఇచ్చుట మొదలయ్యెను. పదునారుగురిలో పదిమందికి గుణము కనబడినట్లు ఫార్బర్ బృందము 1948 జూనులో ప్రకటించెను. వాచిన ప్లీహములు తగ్గెను. మంచము దిగలేని పిల్లలు లేచి నడచిరి. మందు పనిచేయుట కళ్లార చూచినవారికి అది పునర్జన్మమువలె తోచియుండును. కాని పాఠకులకు నిజము చెప్పవలెను. ఆ గుణము తాత్కాలికము. కొలది నెలలకు వ్యాధి తిరుగబెట్టెను. మందు నోటినిండ పుండ్లు పుట్టించెను, అన్నము మ్రింగనీయలేదు. చనిపోవు పిల్లలను ఇంకను బాధించుట ఏలయని ఆక్షేపించిన వైద్యులు ఉండిరి. ఆ ఆక్షేపణ దుష్టబుద్ధితో పుట్టినది కాదు. ఆ పుండ్లను తుడిచి, నోరు కడిగించి, ఒక్కొక్క గుక్క ద్రవము త్రాగించినవారు వార్డులోని నర్సులును, సహాయకులునే. వారును ఆ ప్రశ్న వేసికొనకుండియుందురా? రాచపుండు రోగికి మందొక్కటి చాలదు, వైద్యుడు మొదలు సంఘసేవకుని వరకు అందరును ఒక్క బృందముగ ఆ కుటుంబము నంతను కనిపెట్టవలెనని తరువాత ఫార్బర్ పట్టుబట్టి అమలుజరపుటకు ఈ అనుభవమే కారణమని నా ఊహ.

బోస్టను పటము చూచినవారు ఒక సంగతి గమనింతురు. ఫార్బర్ పనిచేసిన పిల్లల ఆసుపత్రియు, సుబ్బారావు రాత్రి పోర్టరుగా పనిచేసిన బ్రిగ్‌హాం ఆసుపత్రియు పక్కపక్కనే ఉన్నవి. పావు శతాబ్దము క్రిందట ఒక భవనములో బెడ్‌పాన్లు మోసినవాని మందు, దాని పొరుగు భవనములో, రాచపుండు పిల్లలను మొదటిసారి లేపి కూర్చుండబెట్టెను.

అమినోప్టెరిన్‌కు దాయాదియైన మెథోట్రెక్సేట్ దానికంటె కొంత సురక్షితమని తేలి దాని స్థానమును ఆక్రమించెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్‌జ్ అను వైద్యులు, గర్భమునకు సంబంధించిన ఒక రాచపుండును ఈ మందొక్కదానితోనే పూర్తిగా కుదిర్చినట్లు చూపిరి. గడ్డకట్టిన రాచపుండు మందుతో మాయమగుట అదియే మొదలు. ఇతర మందులతో కలిపి రెండుమూడేండ్లు క్రమము తప్పక వాడినచో, నేడు ల్యుకేమియా పిల్లలలో పెక్కుమంది బ్రతికి బడికి పోవుచున్నారు. కీళ్లవాతమునకు సైతము ఈ మాత్రనే చిన్న మోతాదులో వాడుదురు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము: కీళ్లవాతమునకు ఈ మాత్ర వారమునకు ఒక్కదినమే, పొరపాటున ప్రతిదినము మ్రింగి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు లోకమంతట కలరు. చదువురాని వృద్ధురాలికి ఫలాన వారమున మాత్రమే యని వ్రేళ్లు మడిచి మరల మరల చెప్పు వార్డు సహాయకురాలు, సుబ్బారావు పనిలో కడపటి భాగమును చేయుచున్నదని నేననుకొందును.

సుబ్బారావు స్వదేశమునకు తిరిగిరాలేదు. హిందువులు అమెరికా పౌరులు కారాదని అక్కడి సుప్రీముకోర్టు 1923లో తీర్పు చెప్పెను. 1946లో చట్టము మారి దారి తెరచుకొన్నను, ఆయన పౌరసత్వము పుచ్చుకొనకుండనే మరణించెను. ఇక్కడ అనపర్తి బిడ్డ శేషగిరమ్మ నిరీక్షణ కొలది సంవత్సరములతో ముగియలేదు. పరిశోధన వదలి రాలేకపోయెనని ఆయన పక్షమున చెప్పుదురు. అది నిజమే కావచ్చును. లోకమునకు దక్కిన లాభములో ఆమె చెల్లించిన వంతు ఏ లెక్కలోను వ్రాయబడలేదు. ఈ విషయమున సుబ్బారావును పూర్తిగా సమర్థించుటకు నా మనస్సు ఒప్పదు, నిందించుటకును చాలదు.

1948 ఆగస్టులో, ఫార్బర్ వ్యాసము వెలువడిన రెండు నెలలకు, సుబ్బారావు న్యూయార్కులో గుండెపోటుచేత నిద్రలోనే కన్నుమూసెను. వయస్సు 53 సంవత్సరములు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. భారత తపాలాశాఖ 1995లో, శతజయంతి సందర్భమున, ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించెను. బ్రిగ్‌హాం ఆసుపత్రిలో ఆ రాత్రులలో ఆయనతోపాటు పనిచేసిన పోర్టర్ల పేర్లు మాత్రము ఎవరును వ్రాసియుంచలేదు.